క్రొత్త టైర్లు వేసిన లారీలో స్టీరింగు వణుకు: కారణము కనుగొను క్రమము

ధాన్యము, మిరప, పసుపు, చెఱకు మొదలగు పంటలు పొలమునుండి అంగడికి చేరుటకు నేడు లారీయే ముఖ్యాధారము. కొన్ని సంఘములకు స్వంత లారీలు గలవు. లేనిచోట సభ్యులు కొందఱు కలిసి ఒక లారీని కిరాయికి మాటలాడుకొని గుంటూరు మిరప యార్డునకో, నిజామాబాదు పసుపు అంగడికో సరకు పంపుచున్నారు. బండి యెవరిదైనను అందులోని సరకు మనది. సరకుమీద గూర్చుండి పోవువాడును తఱచుగా మన యింటివాడే. కావున లారీ చక్రముల సంగతి డ్రైవరునకు మాత్రమే సంబంధించినదని రైతు ఊరకుండరాదు.

పాత టైర్లు అరిగిపోగా వేలకొలది రూపాయలు వెచ్చించి క్రొత్త టైర్లు వేయింతుము. మఱునాడు బండి గంటకు 60 కి.మీ. వేగము నందుకొనగానే స్టీరింగు డ్రైవరు చేతులలో వణకనారంభించును. డ్రైవరు టైరు చెడ్డదనును. టైరు అమ్మినవాడు ఇరుసులో దోషమనును. మేస్త్రీ కింగుపిన్నులు మార్చవలెననును. ముగ్గురి మాటలును నమ్మి ముగ్గురకును డబ్బిచ్చిన పిమ్మటను వణుకు పోకుండుట కలదు. ఇట్లు జరుగకుండుటకై కారణమును వరుసగా కనుగొను విధమును ఈ పాఠములో తెలుపుచున్నాము.

మొదట ఒక మాట గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. టైరు మార్చిననాడు మారినది టైరొక్కటే కాదు. చక్రము హబ్బునుండి ఊడదీయబడినది. రిమ్ము విప్పబడినది. ట్యూబును, ఫ్లాపును క్రొత్తగా అమర్చబడినవి. పాత చక్రమునకు తూకముకొఱకు కట్టిన సీసపు ముక్కలు తీసివేయబడినవి. నట్టులన్నియు మరల బిగింపబడినవి. ఇన్ని పనులలో ఏ యొక్కటి సరిగా జరుగకున్నను వణుకు రావచ్చును. కాబట్టి "పాత టైర్లతో లేనిది క్రొత్త టైర్లతో వచ్చినది, అందుచేత టైరే దోషి" యని తీర్పు చెప్పుట తొందరపాటు.

1. వణుకు పుట్టు విధము

చేనిలో పిట్టలను తోలుటకు వడిసెల త్రిప్పువానికి ఒక సంగతి తెలియును. మెల్లగా త్రిప్పునప్పుడు రాయి చేతిని కొంచెముగా లాగును. వడి హెచ్చినకొలది లాగుడు మిక్కుటమగును. చక్రముమీద ఒకచోట బరువు హెచ్చుగా నున్నచో అదియు వడిసెలలోని రాయివలెనే ఇరుసును లాగును. వేగము రెట్టింపైనచో ఈ లాగుడు రెట్టింపు గాదు, నాలుగు రెట్లగును.

దీనిని లెక్కలో చూతము. 10.00 ఆర్ 20 అను కొలతగల లారీ టైరు సుమారు 105 సెం.మీ. ఎత్తుండును. అది యొకసారి తిరిగినచో బండి సుమారు మూడుంబావు మీటర్లు సాగును. గంటకు 60 కి.మీ. వేగమున చక్రము సెకనునకు సుమారు 5 సారులు తిరుగును. టైరు అంచున ఒకచోట 100 గ్రాముల బరువు హెచ్చుగా నున్నచో, ఆ వేగమున అది ఇరుసును సుమారు 5 కిలోల బలముతో లాగును. 30 కి.మీ. వేగమున ఆ లాగుడు ఒకటింబావు కిలో మాత్రమే. 30 కి.మీ. వద్ద తెలియని వణుకు 60 వద్ద చేతికి తెలియుటకు కారణమిదియే. ఆ లాగుడు ఒక దిక్కుననే నిలువదు. మీదికి, ముందునకు, క్రిందికి, వెనుకకు సెకనునకు 5 సారులు మారుచుండును.

వణుకునకు మూలములు మూడు తెగలు. ఒకటి, బరువు చుట్టును సమముగా లేకుండుట. రెండు, చక్రము గుండ్రముగా లేకుండుటగాని తిరుగునప్పుడు ప్రక్కలకు ఊగుటగాని. మూడు, స్టీరింగు కీళ్లలోను, కింగుపిన్నులలోను, బేరింగులలోను సడలింపు. మొదటి రెండును వణుకును పుట్టించును. మూడవది సామాన్యముగా దానిని పెంచును. ఎద్దుబండి ఇరుసు కుండలో వదులైనచో చిన్న గతుకునకే చక్రము ఊగులాడునట్లు, కీళ్లు వదులైన లారీలో చిన్న దోషము పెద్ద వణుకుగా కనబడును. అందుచేత మొదట పుట్టించుదానిని, పిదప పెంచుదానిని వెదకవలెను.

2. డ్రైవరును అడుగవలసిన ప్రశ్నలు

పానా చేత బట్టుటకు ముందు డ్రైవరును నిదానముగా ప్రశ్నించి జవాబులను కాగితముమీద వ్రాసికొనవలెను. సగము పని ఇక్కడనే ముగియును.

వణుకు ఏ వేగమున మొదలగును? 15 మొదలు 30 కి.మీ. లోపలనే బండి ఊగుచున్నచో రిమ్ము వంగుటయో, టైరు రిమ్ముపై సరిగా కూర్చుండకుండుటయో, టైరులోని పొరలు విడిపోవుటయో అయియుండును. 60కి పైన మాత్రమే వచ్చుచున్నచో బరువు తేడాను మొదట అనుమానింపవలెను.

వణుకు స్టీరింగునందు తెలియుచున్నదా, సీటునందు తెలియుచున్నదా? స్టీరింగునందైనచో ముందు చక్రములను, సీటునందును అడుగు రేకునందును ఐనచో వెనుక చక్రములను మొదట చూడవలెను.

బ్రేకు త్రొక్కినప్పుడు మాత్రమే వచ్చుచున్నదా? అట్లయినచో టైరును నిందింపరాదు. బ్రేకు డ్రమ్ము గుండ్రము తప్పియుండును.

వణుకు లెక్కింపదగినంత నెమ్మదిగా నున్నదా, తేనెటీగ రొదవలె సన్నగా నున్నదా? చక్రము సెకనునకు 5 సారులు తిరుగునప్పుడు, వెనుక ఇరుసు పళ్ల నిష్పత్తి ఆరైనచో ప్రొపెల్లరు షాఫ్టు 30 సారులు తిరుగును. కాబట్టి సన్నని వడిగల అదురు షాఫ్టునుండియు, మొద్దుగా నుండు ఊపు చక్రమునుండియు వచ్చును. చదునైన, జనసంచారము లేని రోడ్డుమీద అదే వేగమున క్షణకాలము క్లచ్చి త్రొక్కి చూడవచ్చును. వణుకు అప్పుడే మాయమైనచో ఇంజను వైపు వెదకవలెను. మాయము కానిచో చక్రములనో, షాఫ్టునో వెదకవలెను.

బయలుదేఱిన మొదటి మైళ్లలో మాత్రముండి పిదప పోవుచున్నదా? బండి బరువుతో చాలనాళ్లు ఒకేచోట నిలిచినచో టైరు నేల తాకినచోట కొంత చదునగును. 15, 20 కి.మీ. నడచి వేడెక్కినచో సామాన్యముగా అది సర్దుకొనును. దీనికి వైద్యమక్కరలేదు.

3. ప్రాణరక్షణకు ముందు జాగ్రత్తలు

లాక్ రింగుగల రిమ్ములతో పనిచేయునప్పుడు ప్రాణాపాయము గలదని మఱువరాదు. గాలి నిండిన లారీ టైరులోని బలము రింగును తుపాకి గుండువలె ఎగురగొట్టగలదు. చక్రమును హబ్బునుండి ఊడదీయుటకు ముందే వాల్వు పుల్లను తీసి గాలి పూర్తిగా పోనీయవలెను. జంట చక్రములైనచో రెంటి గాలియు తీయవలెను. గాలి నింపునప్పుడు చక్రమును ఇనుప పంజరములో నుంచి, పొడవైన గొట్టముతో ప్రక్కగా నిలిచి నింపవలెను. గాలి ఉండగా రింగును సుత్తితో కొట్టరాదు. రింగు కొంచెము లేచినట్లు కనబడినను సరిచేయ యత్నింపక గాలి తీయవలెను.

బండిని జాకీపై నిలిపి మాత్రమే అడుగున దూరరాదు. చదునైన గట్టి నేలపై నిలిపి, నేలమీదనున్న చక్రములకు రెండువైపుల చెక్కలు అడ్డము పెట్టి, ఇరుసు క్రింద గట్టి ఆధారము నుంచవలెను. ఈ పరీక్షలన్నియు ఖాళీ బండిపైననే చేయవలెను.

4. ఖర్చులేని పరీక్షలు

మొదట గాలి. బండి నడువక చల్లగా నున్నప్పుడు గేజితో కొలువవలెను. బండి పుస్తకములో చెప్పిన గాలి ముందు చక్రములు రెంటిలోను సమముగా నుండవలెను. కాలితో తన్ని చూచుట కొలత కాదు.

రెండవది బురద. రిమ్ము లోపలివైపున ఎండి గట్టిపడిన పొలపు బురదయు, జోడు చక్రముల నడుమ ఇఱుకుకొన్న రాయియు తూకమును చెఱచును. నల్లరేగడి సీమలలో వర్షకాలమున వణుకు వచ్చినచో ముందు చక్రములను కడిగి చూచుట మంచిది.

మూడవది టైరుపై వ్రాతలు. ఒకే ఇరుసుమీది రెండు టైర్లును ఒకే కొలతగలవై యుండవలెను. ఒకవైపు రేడియల్ టైరు, ఒకవైపు నైలాను టైరు వేయరాదు. రెంటి ప్రక్కగోడల స్వభావము వేఱు. బండి ఒకవైపునకు లాగును. టైరు ప్రక్కన గడిలో నున్న నాలుగంకెలు తయారైన కాలమును తెలుపును. 2324 అని యున్నచో 2024వ సంవత్సరపు 23వ వారమని అర్థము. క్రొత్తదని కొన్న టైరు ఎంతకాలము కొట్టులో నిలిచినదో దీనివలన తెలియును.

నాలుగవది టైరు కూర్చున్న తీరు. రిమ్ము అంచునకు కొంచెము పైగా టైరు ప్రక్కగోడపై చుట్టును ఒక సన్నని గీత యుండును. రిమ్ము అంచునుండి ఆ గీతకు గల దూరమును నాలుగుచోట్ల కొలువవలెను. చుట్టును ఒకే దూరముండవలెను. తేడా ఒకటిన్నర మి.మీ. మించినచో టైరు సరిగా కూర్చుండలేదు. క్రొత్త టైర్ల వణుకునకు ఇది తఱచైన కారణము. గాలి పూర్తిగా తీసి, టైరు అంచులకు టైరు పేస్టుగాని సబ్బునీరుగాని పూసి మరల నింపవలెను. గ్రీజు, డీసెలు పూయరాదు. అవి రబ్బరును చెఱచును. మితిమించిన గాలి కొట్టి బలవంతముగా కూర్చుండబెట్టుటయు తగదు.

5. బిగింపులోని దోషములు

డిస్కు హబ్బును తాకు ముఖముపై తుప్పు, మట్టి, మందమైన రంగుపూత ఉన్నచో చక్రము చదునుగా ఆనుకొనదు. అక్కడ కాగితమంత మందము తేడాయున్నను టైరు అంచుకడకు వచ్చుసరికి అది పెరిగి ఊగుగా కనబడును. కావున రెండు ముఖములను తీగె బ్రష్షుతో గీకి తుడిచిన పిదపనే చక్రమును ఎక్కింపవలెను. బోల్టు రంధ్రములు కోలగా సాగిన డిస్కును, నెరియ విడిచిన డిస్కును తిరిగి వాడరాదు.

నట్టులను ఒకదాని ప్రక్క నొకటి వరుసగా బిగించుట తప్పు. ఒక నట్టు బిగించిన పిమ్మట దానికి ఎదుటిదానిని బిగింపవలెను. మొదట అన్నింటిని కొంచెము, పిదప సగము, తుదకు పూర్తిగా బిగింపవలెను. ఎంత బిగింపవలెనో బండి పుస్తకములో ఉండును. టార్కు రెంచితో ఆ కొలత తెలియును. పొడవైన గొట్టము తగిలించి ఇద్దఱు నిలబడి త్రొక్కినంత మాత్రమున బిగింపు మంచిదని తలపరాదు. హెచ్చు బిగువువలన బోల్టులు సాగును; తక్కువ బిగువువలన చక్రము ఊడును. క్రొత్తగా బిగించిన చక్రము 80 మొదలు 160 కి.మీ. నడచిన పిదప నట్టులను మరల తప్పక చూడవలెను.

6. గుండ్రము, ఊగు చూచుట

ముందు చక్రమును నేలనుండి లేపి, టైరు నడినెత్తికి ఎదురుగా ఒక ఇనుప మొలను పీటకు బిగించి, దాదాపు తాకునట్లు నిలిపి చక్రమును చేతితో మెల్లగా త్రిప్పవలెను. మొలకును టైరునకును నడుమ సందు ఒకచోట తఱిగి ఒకచోట పెరిగినచో చక్రము గుండ్రము తప్పినది. ఆ మొలనే ప్రక్కగోడ యెదుట నిలిపి త్రిప్పినచో ఊగు తెలియును. కుమ్మరి సారెమీద మట్టిముద్ద నడుమకు రాలేదని వ్రేలు ఆనించి తెలిసికొనునట్టిదే ఈ పరీక్షయు. లారీ చక్రమునకు ఈ తేడా సుమారు రెండున్నర మి.మీ. మించకుండుట మంచిది.

తేడా హెచ్చుగా నున్నచో మూడు విషయములను వేఱు చేయవలెను. మొదట చక్రమును ఊడదీసి, హబ్బుపై సగము చుట్టు త్రిప్పి, అనగా పది బోల్టుల చక్రమైనచో ఐదు బోల్టులు జరిపి, మరల బిగించి చూడవలెను. తేడా మారినచో అమరికలో దోషము. మారనిచో మొలను టైరును వదలి రిమ్ము అంచుకడ పెట్టి చూడవలెను. రిమ్మే ఊగుచున్నచో రిమ్ము వంగినది, దానిని మార్చవలెను. రిమ్ము చక్కగానుండి టైరు మాత్రమే ఎత్తుపల్లములు చూపినచో టైరును రిమ్ముమీద సగము చుట్టు త్రిప్పించి చూడవలెను. టైరు ఎత్తుచోటును రిమ్ము ఎత్తుచోటును ఒకచోట కలసినప్పుడు తేడా రెంటి మొత్తమగును. ఎదురెదురుగా నున్నచో ఒకదానిని మఱొకటి తగ్గించును. టైరు మార్చకయే వణుకు పోవు మార్గములలో ఇది యొకటి.

కొన్ని టైర్లపై పసుపు చుక్క యుండును. అది సామాన్యముగా తేలికయైన చోటును తెలుపును. దానిని వాల్వు కడకే వచ్చునట్లుంచి ఎక్కింపవలెను.

7. తూకము సరిచేయుట

చక్రము గుండ్రముగానున్నదని నిశ్చయించిన పిదపనే తూకము చూడవలెను. ఈ వరుస తలక్రిందు కారాదు. గుండ్రము తప్పిన చక్రమునకు ఎంత సీసము కట్టినను అది గుండ్రము కాదు. ఒక వేగమున వణుకు తగ్గి మఱియొక వేగమున పైకి వచ్చును.

చక్రము అడ్డులేక తిరుగుచున్నచో మోటు పరీక్ష యొకటి కలదు. మెల్లగా త్రిప్పి విడిచి, నిలిచినప్పుడు అడుగుననున్న చోట సుద్దతో గుర్తు పెట్టవలెను. ఇట్లు మూడు నాలుగు సారులు వేఱువేఱు చోట్లనుండి విడిచినను అదే గుర్తు అడుగునకు వచ్చినచో ఆ చోట బరువు హెచ్చు. బ్రేకు రాచుకొనుచున్నచో ఈ పరీక్ష నమ్మదగదు. ఇది యొకే తలములోని తూకమును మాత్రమే చూపును. లోపలి అంచునకును వెలుపలి అంచునకును గల తేడాను యంత్రముమీదనే కనుగొనవలెను. టైరు అంచుకడ 100 గ్రాములు హెచ్చైనచో, రిమ్ము కేంద్రమునకు దగ్గఱగా నుండుటచే అక్కడ కట్టవలసిన సీసము సుమారు రెట్టింపగును. ఒక చక్రమునకు మితిమీరి సీసము కావలసివచ్చినచో సీసము కట్టుట మాని, టైరు కూర్చున్న తీరును, ట్యూబు ఫ్లాపు మడతలను మరల చూడవలెను.

8. పాత సడలింపులు

చక్రము లేచియున్నప్పుడే పైని క్రిందను పట్టుకొని ఊపి చూడవలెను. ఊగినచో సహాయకుని బ్రేకు త్రొక్కుమనవలెను. అప్పుడు ఊగు పోయినచో బేరింగు వదులైనది. పోనిచో కింగుపిన్ను అరిగినది. పిదప చక్రమును ముందు వెనుకల పట్టుకొని ఊపి, టై రాడ్డు కొనలను కనిపెట్టవలెను. కమాను కట్టల యూ బోల్టులు, షాకిలు పిన్నులు వదులుగా నున్నవేమో చూడవలెను.

చక్రముల వరుస సరిచేయించినచో వణుకు పోవునని పలువురి నమ్మకము. వరుస తప్పుటవలన టైరు ఒకప్రక్క అరుగును, బండి ఒకవైపు లాగును. కాని వణుకు వెంటనే పుట్టదు. వరుస తప్పి కొన్నివేల కి.మీ. నడచి టైరు ఎగుడుదిగుడుగా అరిగిన పిదప వణుకు వచ్చును. కాబట్టి నిన్న వేసిన టైరునకు నేడు వచ్చిన వణుకు వరుసవలన వచ్చినది కాదు. అయినను క్రొత్త టైర్లు పాడుగాకుండుటకై వరుస చూపించుకొనుట మంచిదే.

9. చక్రములు మార్చి చూచుట

ఇంకను సందేహము తీరనిచో ముందు చక్రములను వెనుకకును, మంచివని తెలిసిన వెనుక చక్రములను ముందునకును మార్చి అదే రోడ్డుపై అదే వేగమున నడపవలెను. వణుకు స్టీరింగును వదలి సీటునకు పోయినచో దోషము చక్రములది. స్టీరింగునందే నిలిచినచో దోషము ఇరుసుదో, కీళ్లదో. ఇది తుదితీర్పువంటి పరీక్ష. వెనుక జంటలో పెట్టు టైర్లు ఎత్తున సమముగా నుండవలెను. లేనిచో ఎత్తైనది బరువంతయు మోయును. ఒకసారికి ఒక మార్పే చేసి, ఫలితము వ్రాసికొనవలెను. ఒకేదినమున టైరు, బేరింగు, కీళ్లు అన్నియు మార్చినవానికి వణుకు పోయినను కారణము తెలియదు. తిరిగి వచ్చినప్పుడు మరల అన్నింటికి ఖర్చు పెట్టవలసివచ్చును.

10. టైరు దోషమే యని తేలినచో

రిమ్ము చక్కనిది, అమరిక చక్కనిది, టైరును త్రిప్పించినను ఎత్తుపల్లము టైరుతోనే పోవుచున్నది యని తేలినప్పుడు జాగు చేయక అమ్మినవాని కడకు పోవలెను. రసీదు, టైరుమీది సంఖ్య, వేసిన తేది, నడచిన కి.మీ., గాలి కొలత, చేసిన పరీక్షలు వ్రాసిన కాగితము వెంట నుండవలెను. "టైరు వణుకుచున్నది" యను మాటకంటె "రిమ్ముకడ తేడా అర మి.మీ., టైరుకడ నాలుగు మి.మీ." యను మాటకు బలమెక్కువ. కొన్ని నెలలు అట్లే నడపి అరిగించిన పిదప పోయినచో ఆ అరుగుదల నీ బండివలన వచ్చినదని త్రిప్పిపంపుదురు. ప్రక్కగోడ ఉబ్బినచోగాని, నడినెత్తి ఒకచోట లేచినచోగాని ఆ టైరుతో ఒక మైలైనను బరువు తోలరాదు.

వణుకును అలవాటు చేసికొని నడపుట మిగుల అపాయకరము. దినదినము అదురుటవలన నట్టులు సడలును, బేరింగులు చెడును, క్రొత్త టైరు గుంటలు గుంటలుగా అరుగును. రాత్రివేళ నిండుబరువుతో వంతెనమీద చక్రము ఊడినచో పోవునది టైరు వెల మాత్రమే కాదు.

గాలి గేజి, టార్కు రెంచి, ఇనుప పంజరము ఈ మూడును ఒక్కొక్కరు కొనుట భారము. సంఘము కొని సభ్యులందఱకు ఉపయోగపఱచుట సులభము. ప్రతి లారీకి ఒక పుస్తకము పెట్టి, ఏ చక్రమున ఏ టైరు ఎప్పుడు వేసినది, నట్టులు ఎప్పుడు మరల చూచినది వ్రాయించుచుండవలెను. కిరాయి లారీని పిలుచువారును బరువు ఎక్కించుటకు ముందు "స్టీరింగు వణకుచున్నదా?" యని డ్రైవరును ఒక్కమాట అడుగవలెను. గాలి, బురద, కూర్చున్న తీరు, బిగింపు, గుండ్రము, తూకము, కీళ్లు, మార్చి చూచుట అను ఈ వరుసలో ఖర్చులేనివి మొదటను, ఖర్చుగలవి తుదిని ఉన్నవి. ఈ వరుసను తప్పకుండ పాటించినచో సభ్యుల డబ్బు నిలుచును, సరకు క్షేమముగా అంగడి చేరును, బండి తోలువాడు క్షేమముగా ఇల్లు చేరును.